నరసమ్మ ఒలిచిన రబ్బరు మొక్క

నరసమ్మ ముప్పై ఏళ్ళు పరాయివాళ్ళ చెరకు తోటల్లోనే తిరిగింది. వడ్డాది నుంచి దేవరాపల్లి దాకా ఆమె దిగని తోట తక్కువ. కింది ఆకు ఒలవడం, గాలికి గడలు పడిపోకుండా ఆ ఆకులతోనే నాలుగేసి గడలను కలిపి జడ చుట్టడం ఆమె పని. ఆ పచ్చటి చీకట్లో పొద్దు ఎటు తిరిగిందో తెలిసేది కాదు. ఆకులు రాసుకునే చప్పుడులో నడుస్తూ నడుస్తూనే కల కంటున్నట్టుండేది. తీరా తోట ఏపుకొచ్చేసరికి కత్తులు దిగేవి. తన చేతికింద పెరిగింది ఏదీ నిలిచి ఉండగా ఆమె చూడలేదు.

మోకాళ్ళు మొరాయించాక చోడవరం గ్రంథాలయంలో ఊడ్చే పనికి కుదిరింది. అక్కడ బీరువాల సందులో, కుండీలో ఒక రబ్బరు మొక్క. లైబ్రేరియన్ లక్ష్మీసుందరి తెచ్చి పెట్టుకున్నది. ఆవిడకు చీడికాడ బదిలీ అయింది.

"నెలాఖరుకి వెళ్ళిపోతాను నరసమ్మా. మొక్కని ఆటోలో పట్టుకెళ్ళిపోనా, నువ్వు చూసుకుంటావా?"

"నేను సూసుకుంటాను మేడంగోరూ!" మాట పూర్తికాకుండానే అంది నరసమ్మ.

మర్నాడు చూస్తే కింద రెండాకులు పసుపెక్కాయి. ఆమె చెయ్యి ఆలోచించలేదు. ఆ రెండూ లాగేసింది, వాటిపైన పచ్చగా ఉన్న మూడూ ఒలిచేసింది. కాండం నుంచి తెల్లటి పాలు బొట్లు బొట్లుగా కారాయి.

రోజూ పేపరు చదవడానికొచ్చే రిటైర్డు మాస్టారు సత్యారావు కళ్ళజోడు దించాడు. "ఏటి నరసమ్మా, దీనికీ జడ సుట్టేస్తావేటి?"

"కింద ఆకు తీస్తే గాలాడతాది కదా బాబూ!"

లక్ష్మీసుందరి వచ్చి కింద పడ్డ ఆకులు ఏరి చూసింది. "పచ్చాకులెందుకు తీసేసేవు? దాని తిండి ఆ ఆకులే. పోయిన చోట మళ్ళీ రావడం కష్టం. నాతోనే పట్టుకెళ్తాలే."

"ఈ నెల్లాళ్ళూ నాకొదిలేయండి. మీరెళ్ళే రోజున సూసి సెప్పండి."

"ఎందుకంత పట్టుదల?"

"కొట్టెయ్యక్కర్లేని మొక్క నాకు ఇదొక్కటే దొరికింది మేడంగోరూ."

ఆవిడ ముఖం మెత్తబడింది. "నీళ్ళు రోజూ పోస్తన్నావా?"

"పన్లో సేరినకాణ్ణించీ సెంబుడు పోస్తన్నాను."

"అదీ సంగతి! వేలు మట్టిలోకి దించు. రెండు కణుపుల లోతు దాకా పొడిగా ఉంటేనే నీళ్ళు. పైగా ఈ సందులో వెలుతురేదీ? ఆ కారిన పాలు మాత్రం కళ్ళలో పడనీకు, మంటెత్తుతాయి."

ఇద్దరూ కలిసి కుండీని తూర్పు కిటికీ దగ్గరికి జరిపారు. ఎండ సూటిగా కొడితే ఆకు మాడుతుందని పల్చటి తెర కట్టారు.

అప్పటినుంచి నరసమ్మ పొద్దుట ఊడ్చేశాక, తడిగుడ్డతో ఒక్కో ఆకునూ కింద అరచెయ్యి ఆనించి తుడిచేది. ముదురాకుపచ్చ మీద తెరలోంచి వచ్చిన వెలుగు పాలమీగడలా కదిలేది. వెనక పేపర్లు గలగలమంటుంటే తానెక్కడున్నదీ మరిచిపోయేది. వెలుగు గోడ మీంచి బల్ల మీదికి, బల్ల మీంచి నేలకూ పాకేది. ఎండ నుంచి తల దాచుకునే బతుకులో, ఆ వెలుగు ఎటు పోతుందో కూర్చుని చూడడం ఆమెకిదే మొదలు.

ఇరవై రోజులు గడిచినా మొక్క ఉలకలేదు. బోసి కాండం మీద మచ్చలు ఎండాయి. కొసన ఎర్రటి మొగ్గ బిగుసుకుని ఉంది, అంతే. వేలు దించడం, నీళ్ళు పోయాలనిపించినా చెంబు కింద పెట్టెయ్యడం. పోయకుండా ఉండడం ఆమెకు చాలా కష్టమైంది.

నెలాఖరు రోజున గుమ్మంలో ఆటో హారన్ కొట్టింది. లక్ష్మీసుందరి కిటికీ దగ్గరికి వెళ్ళింది. ఎర్రటి తొడుగు ఒక పక్క చీలి, లోపల లేతాకు చుట్ట సగం విచ్చుకుని ఉంది. ఆవిడ దాన్ని ముట్టుకోలేదు. నరసమ్మ ఆవిడ ముఖం చూడలేక తెర అంచు పట్టుకుని నిలబడింది.

"మేడమ్, మొక్క కూడా ఎక్కించీమంటారా?" ఆటో అతను కేకేశాడు.

"వద్దు బాబూ. పుస్తకాల పెట్టె ఒక్కటే."

నరసమ్మ మెట్ల దాకా వెళ్ళింది.

"ఆకు పూర్తిగా ఇప్పుకున్నాక మాస్టారి సేత ఫోన్ సేయిస్తాను మేడంగోరూ" అంది.