ముప్పైకి ఇరవై తొమ్మిది

పెద్ద సిస్టర్‌కు ఒక బలహీనత ఉంది. ఎదుటి మనిషి తడబడుతుంటే చూస్తూ కూర్చోవడం ఆమె వల్ల కాదు. ముప్పై నాలుగేళ్ల నర్సు ఉద్యోగంలో ఆ గుణం ఆమెకు మంచిపేరే తెచ్చింది. మాత్ర గొంతు దిగని ముసలాయన ఎదురుగా నిలబడి, తను కూడా గుటక వేసి చూపించి మరీ మింగించేది. అదే గుణం ఆమె కొంప ఎలా ముంచిందో చెప్పాలంటే ముందు ట్యాబ్ సంగతి చెప్పాలి.

మతిమరుపు జబ్బును మొదట్లోనే పట్టుకోవడానికని ఒక సంస్థ ఆమె పనిచేసే చిన్న ఆసుపత్రికి ఏడాదికి సరిపడా నిధులిచ్చింది. ఆ నిధులతో రెండు ట్యాబులు వచ్చాయి, టీకాల ఫ్రిజ్ పక్కనున్న గదికి సున్నం పడింది, నెలకోసారి మెదడు డాక్టరు రావడం మొదలైంది. అరవై దాటినవాళ్లు ట్యాబ్ ముందు పావుగంట కూర్చుంటే చాలు. అది ముందు ఐదు మాటలు వినిపిస్తుంది. గొడుగు, సబ్బు, తాళంచెవి, అలాంటివి. తర్వాత గడియారం గీయమంటుంది, అంకెల్ని వరసగా వేలితో కలపమంటుంది, వందలోంచి ఏడేసి తీసుకుంటూ పొమ్మంటుంది. మనిషిని ఇలా తిప్పలుపెట్టి, చివర్లో ఇందాకటి ఐదు మాటలేవని అడుగుతుంది. ముప్పైకి ఇరవై రెండు కన్నా తక్కువొస్తే పేరు మెదడు డాక్టరు దగ్గరికి వెళుతుంది. రెండో ఏడాది నిధులు మొదటి ఏడాది ఫలితాలు చూసి ఇస్తామని సంస్థవాళ్లు ముందే చెప్పారు.

పరీక్ష పెట్టే పని పెద్ద సిస్టర్‌ది. సూచనల కాగితంలో మొదటి వాక్యమే, పక్కనున్నవారు సాయం చేయరాదని. ఆమె అది చదివింది. సాయమంటే జవాబు చెప్పడమని అర్థం చేసుకుంది. ఆమె ఎవరికీ ఒక్క జవాబు కూడా చెప్పలేదు. కాకపోతే, రిటైరైన బస్సు కండక్టరు మూడో మాట దగ్గర ఆగిపోయి దిక్కులు చూస్తుంటే, ఆమె చేతిలో లేని గొడుగు ఒకటి టప్పున తెరుచుకునేది. ఇంకొకావిడ దగ్గర అరచేతులు సబ్బు రుద్దుకునేవి. గడియారం ముల్లు తప్పు దారి పడితే గొంతు సవరించుకునేది. "కంగారేం లేదు, మళ్లీ ఒకసారి చూసుకోండి" అనేది. ముసలివాళ్లు పరీక్ష రాయడానికొచ్చిన పిల్లల్లా బిక్కుబిక్కుమంటూ వచ్చి, ఇరవై ఏడూ ఇరవై ఎనిమిదీ తెచ్చుకుని కాలరెగరేసుకుంటూ వెళ్లేవాళ్లు. కండక్టరైతే తన మార్కులు వీధిలో కనబడినవాళ్లకల్లా చెప్పాడు. వాళ్ల మొహాలు వెలిగిపోతుంటే చూసి పెద్ద సిస్టర్ కడుపు నిండిపోయేది.

ఐదో నెలలో ఒకరోజు వరసలో ఆమె సొంత అక్క కనబడింది. అమ్మ పోయాక ఈమెను పెంచింది ఆ అక్కే. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేసింది. ఊళ్లో సగం నంబర్లు ఆమె నాలుక మీద ఉండేవి. ఇంట్లో ఎవరి పుట్టినరోజు కావాలన్నా, ఏ వస్తువు ఎక్కడ పెట్టారో తెలియాలన్నా అందరూ ఆమెనే అడిగేవాళ్లు. చీటీ తీసుకుని, చెప్పాపెట్టకుండా వచ్చి కూర్చుంది.

"నీకెందుకక్కా ఇది? మిగతావాళ్లని ఏడిపించడానికా?" అని నవ్వింది చెల్లెలు.

"కానివ్వవే, చూద్దాం" అంది అక్క.

చివరి ఐదు మాటల్లో రెండిటి దగ్గర అక్క ఆగింది. పెద్ద సిస్టర్ తాళం తిప్పింది, కిటికీ రెక్క తోసింది. ఇరవై తొమ్మిది వచ్చాయి. ఆసుపత్రిలో అదే అందరికన్నా ఎక్కువ. ఆ సంగతి చెల్లెలు వారం రోజులు చెప్పుకుంది.

పదకొండో నెలలో సంస్థ తరఫున ఒకావిడ వచ్చింది. కళ్లజోడుకు తాడు కట్టుకున్న మనిషి, నెమ్మదిగా మాట్లాడుతుంది. కాగితాలన్నీ తిరగేసి, ఆసుపత్రి నడిపే డాక్టరమ్మ వైపు చూసింది.

"నాలుగువందల పన్నెండు మందిలో ముగ్గురే తక్కువ తెచ్చుకున్నారు. మేం నిధులిచ్చిన మిగతాచోట్ల పదిమందికి ఒకరు తేలుతున్నారండీ. అయితే మీవాళ్లు మహా తెలివైనవాళ్లన్నా కావాలి, లేకపోతే ఈ పరీక్ష ఇక్కడ పనికిరాదనన్నా అనుకోవాలి. ఎలా చూసినా ఇంకో ఏడాది ఇవ్వడం దండగే కదా?"

డాక్టరమ్మ ప్రశ్నలు మరీ తేలికైపోయాయేమోనని ఏదో గొణిగింది. పెద్ద సిస్టర్ ఆ ముగ్గురి కాగితాలూ తీసుకుని చూసింది. ఇద్దరివి ఒక తేదీ, మూడోవాడిది ఆ మర్నాడు. ఆ రెండురోజులూ ఆమె జ్వరంతో సెలవులో ఉంది. ఆమె బదులు మందుల కౌంటరతను పరీక్ష పెట్టాడు. అతనికి ఎవరు తడబడినా చీమకుట్టినట్టు కూడా ఉండదు. ఆ రెండురోజుల్లో అతని ముందు కూర్చున్నది ఇరవై ఆరుగురు.

నోరు మెదపకపోతే ఎవరికీ తెలియదు. నిధులు ఆగిపోతాయి, ట్యాబులు వెనక్కిపోతాయి, మెదడు డాక్టరు రావడం మానేస్తాడు. తను ఇంకో ఏడాదికి మంచిపేరుతో రిటైరవుతుంది. ఇంతమందిని నవ్విస్తూ పంపానని పొంగిపోయింది గానీ, పంపినవాళ్లలో ఎంతమంది జబ్బుతో వెళ్లారో అప్పటిదాకా ఆలోచించనే లేదు.

"పరీక్షది తప్పేం లేదండీ" అంది. "తప్పు నాది."

గొడుగు తెరిచి చూపించింది. సబ్బు రుద్ది చూపించింది.

"ఎంతమందికి చేశారిలా?" అని అడిగింది సంస్థ ఆవిడ.

"నేను సెలవులో ఉన్న రెండురోజులూ తప్పించి, అందరికీనండీ."

మెమో వచ్చింది. పదిమందిలో తల కొట్టేసినట్టయింది. పాతవాళ్లలోంచి ఏరిన అరవైమందికి కౌంటరతని చేత మళ్లీ పరీక్ష పెట్టించి ఫలితాలు పంపమని సంస్థ రెండు నెలలు గడువిచ్చింది. ఆ అరవైమంది ఇళ్లకూ పెద్ద సిస్టర్ స్వయంగా తిరిగింది. సంగతి విని కొందరు ముక్కున వేలేసుకున్నారు. కండక్టరు మాత్రం మొహమ్మీదే తలుపేశాడు. ఆమె మర్నాడు మళ్లీ వెళ్లింది, ఆ మర్నాడూ వెళ్లింది. నాలుగోరోజు విసుగెత్తి వచ్చి కూర్చున్నాడు. అరవైమందిలో ఏడుగురు ఇరవై రెండుకు దిగువన తేలారు. కండక్టరు వాళ్లలో లేడు. రెండో ఏడాదికి నిధులు మంజూరయ్యాయి, పరీక్ష గదిలో పెద్ద సిస్టర్ ఉండకూడదన్న షరతుతో.

ఆ ఏడుగురిలో అక్క ఉంది.

మెదడు డాక్టరు స్కానింగ్ చూసి, రక్తపరీక్షలు చూసి, నెమ్మదిగానే చెప్పాడు. "మొదటి దశే. మందులున్నాయి, అలవాట్లు మార్చుకోవచ్చు. ఏడెనిమిది నెలల ముందు వచ్చుంటే ఇంకా బాగుండేది."

అక్కాచెల్లెళ్లిద్దరూ బయటికొచ్చి వరండాలో బల్ల మీద కూర్చున్నారు.

"అప్పుడే అనుమానం వచ్చిందే నాకు" అంది అక్క. "ఒకరోజు బజార్లోంచి ఫోన్ చేద్దామంటే మనింటి నంబరు గుర్తురాలేదు. నాకు! అక్కడే నిలబడి ఏడ్చాను. అందుకే వచ్చి చీటీ తీసుకున్నా."

"నాతో ఎందుకు చెప్పలేదక్కా?"

"చెబుదామనే వచ్చా. నువ్వు చూస్తే ఇరవై తొమ్మిదని అంత సంబరపడిపోయావు. నువ్వు చెయ్యి తిప్పకపోయినా ఆ రెండూ నాకు తట్టేవేలే అనుకున్నా. ఇక ఆ తర్వాత ఏది మర్చిపోయినా, ఇరవై తొమ్మిది వచ్చినదాన్ని, నాకేమవుతుందని సర్దిచెప్పుకుంటూ వచ్చా."

అక్క గొంతులో నిష్ఠూరం లేదు. ఉండుంటే పెద్ద సిస్టర్‌కు కాస్త తేలికయ్యేది. ఆసుపత్రివాళ్లంతా అటూఇటూ తిరుగుతుండగానే ఆమె ఏడ్చింది.

అక్క తన కొంగుతో ఆమె కళ్లు తుడిచింది.

"ఈసారి ఎన్నొచ్చాయో ఎవరూ చెప్పనేలేదు. నువ్వు చెప్పు. ఒక్కటి కూడా కలపకు."

"పంతొమ్మిదక్కా" అంది పెద్ద సిస్టర్.