చెవులు పట్టుకోని గుంజీలు

సరూర్‌నగర్ పార్కులో పొద్దుటి వ్యాయామం క్లాసుకు పది రోజులుగా వెళ్తున్నాను. కోచ్ అన్నీ ఇంగ్లిష్‌లోనే చెబుతాడు, చేసి చూపించడు. ఆ మాటలు నాకు రావు కాబట్టి చివరి వరుసలో నిలబడి, ముందువాళ్లను చూసి చేస్తూ నెట్టుకొచ్చాను. ఈ రోజు నన్ను మొదటి వరుసలోకి పిలిచాడు. "స్క్వాట్స్!" అన్నాడు. చూసి చేద్దామంటే నా ముందు ఎవరూ లేరు. బిగుసుకుపోయాను.

నా వెనక, దిల్‌సుఖ్‌నగర్‌లో టిఫిన్ బండి నడిపే సుగుణమ్మ ఉంది. "గుంజీలే అన్నా. చెవులు పట్టుకునుడు లేదు, గంతే" అని మెల్లగా అందించింది.

తర్వాత కోచ్ అందర్నీ గోడ దగ్గరికి నడిపించి "వాల్ సిట్!" అన్నాడు.

"గోడకుర్చీ ఎయ్యి. పరేషాన్ గాకు, మొదట్ల నాక్కూడ తెల్వకపాయె" అంది.

ఐదో తరగతిలో ఇంగ్లిష్ మాటలు అప్పజెప్పలేదనే మా సారు నాతో గుంజీలు తీయించి, గోడకుర్చీ వేయించేవాడు. ఈ రోజు అవే చేస్తూ రెండు ఇంగ్లిష్ మాటలు నేర్చుకున్నాను. మోకాళ్లు వణికాయి గానీ మనసు నిండింది.

ఆ రోజుల్లోనూ నా వెనక బెంచీలో ఒక సుగుణమ్మ ఉండాల్సింది. మీకు అలా వెనక నుంచి అందించినవాళ్లు ఎవరు?