కిందికి చూసి పాడేటోళ్లు

జగిత్యాలల మాది మైకుసెట్ల దుకాణం. కొత్త బాక్సు వచ్చిందంటే నేను ముందుగ పెట్టేది ఒక ఇంగ్లండు బ్యాండు పాట. గిటార్లన్నీ కలిసి ఒక్కటే హోరు, ఆ హోరు కింద ఎక్కడో ఒకామె మెల్లగ పాడుతుంటది. స్టేజి మీద జనం దిక్కు చూడరు, తమ కాళ్ల దిక్కే చూసుకుంట వాయిస్తరు. "డబ్బా పగిలిందారా?" అని మా నాయన ప్రతిసారి అడిగేటోడు.

వాళ్ల కథ నాకు దుకాణం కథ లెక్కనే అనిపించేది. తెరిచిన కొత్తల అందరూ మెచ్చుకున్నరు. మెచ్చిన పత్రికలే తర్వాత ఎక్కిరించినయి. మూడో ఆల్బం కాంగనే కంపెనీ పక్కకు పెట్టింది, బ్యాండు విడిపోయింది. నేనైతే రెండో ఆల్బంకే బతుకమ్మ పాటల క్యాసెట్లకు దిగుదును. వాళ్లకు షట్టర్ దించినంక గిరాకి మొదలైంది. వేరే దేశాల పిల్లలు ఆ హోరు పట్టుకుని తమ బ్యాండ్లు కట్టుకున్నరు, పాత రికార్డుల కోసం వెతుకులాడిన్రు.

ఉద్యమం జోరు మీదున్నప్పుడు కోరుట్ల దీక్ష శిబిరానికి మా బాక్సులే పోయేటివి. సిరిసిల్లల ఉండే మా చిన్నమ్మ బిడ్డతోటి అక్కడ పాడిస్తనని ఒప్పుకున్న. ఇంట్ల మరమగ్గాలు, అదే మా సాంచెలు, నడుస్తుంటే వాటి నడుమ పాడుకుంట పెరిగిన పిల్ల. పాడాలని ఆమెకూ చానా ఉండె. కని టెంటు కింద మైకు పట్టినంక పాట సాగలేదు. మొదలుపెట్టింది, ఆపింది, మళ్ల ఆపింది.

"గింత నిమ్మళంగ ఉంటె ఎట్ల పాడాలె అన్నా? నా గొంతు నాకే ఇనవడుతుంది. ఇంటికి తోలియ్యి, ఇంకెన్నడు పాడ."

నేను ఫోన్ తగిలించి ఆ బ్యాండుదే, ఒట్టి గిటార్లే ఉన్న పాట పెట్టిన. శిబిరం నడిపే సారు ఉరికొచ్చిండు.

"గిదేంది తమ్మీ, ఆంప్లిఫయర్ కాలిందా?"

"సాంచెల సప్పుడనుకోండ్రి సార్."

"బంజెయ్యి. మాటలు ఇనవడాలె."

"సగం తగ్గిస్త."

"ముప్పావు."

"సగమే. పాట బాగలేకుంటె రేపు బాక్సులు కిరాయి లేకుంట ఊకెనే తెస్త."

మా నాయన అక్కడ లేడు కాబట్టి సరిపోయింది.

చెల్లె చెప్పుల దిక్కు చూసుకుంట మొదలుపెట్టింది. గొంతు హోరు కిందనే ఉన్నది. ముందు కూసున్న ఆడోళ్లు వినవడక దగ్గరికి జరిగిన్రు, శిబిరంల డప్పు కొట్టేటాయన చెయ్యి మెల్లగ చేసిండు. రెండో చరణానికి ఆడోళ్లు కూడ అందుకున్నరు. ఆమె తల ఎత్తలేదు, పాట ఆపలేదు.

పాట అయిపోంగనే రాయికల్ శిబిరం పెద్దాయన వచ్చి తమ కాడికి రమ్మన్నడు. నేను బేరానికి గొంతు సవరించుకునేలోపే ఆమె అన్నది, "వస్త పెద్దనాయినా. కని ఆ సప్పుడు గూడ ఉండాలె."

"సప్పుడుకేం బిడ్డా, మా టెంటు పక్కన రైసుమిల్లే ఉన్నది."

"అట్లయితె తప్పక వస్త."

ఇంగ్లండు సప్పుడుకు వేరే కిరాయి చెప్దామనుకున్న నేను వైర్లు చుట్టుకుంట కూసున్న.