యాభై పూతల ఫిడేలు

పాలిష్ మేస్త్రి తన ఫిడేలు అమ్మేస్తున్నాడని తెలిసి బజారంతా ఒకటే నవ్వు. నవ్వదూ మరి? యాభై ఏళ్లుగా ఆ ఫిడేలు గురించి ఆయన కోసిన కోతలు అన్నీ ఇన్నీ కావు. బల్లకో బీరువాకో మెరుగు పెట్టించుకుందామని ఆ షాపు మెట్లెక్కిన పాపానికి ఎవరైనా సరే కథంతా వినాల్సిందే. తొమ్మిదో ఏట మేనమామ దాన్ని చేతిలో పెట్టాడట. అప్పటికే అది నూరేళ్ల పాతదట. తను గనక ఈ సంసారంలో పడకపోయి ఉంటే ఈపాటికి పెద్ద పెద్ద సభల్లో వాయిస్తూ ఉండేవాడట. ఆ మాట వచ్చినప్పుడల్లా సదరు సంసారం షాపు వెనక వంటింట్లో గిన్నె ఒకటి ఠంగున కింద పెట్టేది.

ఇంతకీ ఆయన వాయించగా విన్నవాళ్లెవరయ్యా అంటే, ఒక్కరూ లేరు. పాపం, తీరిక ఏదీ? ఆదివారం వచ్చిందంటే ఫిడేలును ఒళ్లో పడుకోబెట్టుకుని తుడవడంతోనే సరిపోయేది. ఇక ఏడాదికోసారి అసలు ముచ్చట. తీగలు విప్పి, ఉప్పు కాగితంతో ఒళ్లంతా మెత్తగా రుద్ది, లక్క పాలిష్ ఒక పూత వేసేవాడు. గిరాకీలకు వేసే సరుకు కాదండోయ్, దానికోసం విడిగా దాచిన మేలురకం. కన్నపిల్లలకు ఏనాడూ ఇంత చాకిరీ చేయలేదని ఇల్లాలి ఫిర్యాదు. అందులో అబద్ధమేమీ లేదు.

ఇప్పుడు వేళ్లు బిగుసుకుపోయి తీగ మీద ఆనడం లేదట, అందుకని అమ్మకం. డబ్బెంతైనా ఫర్వాలేదు, కొన్నవాళ్లు రోజూ వాయించాలి అన్నది ఒక్కటే షరతు. ఈ ఒక్క సంగతిలో మాత్రం మేస్త్రి కోతలు కోయలేదు. తన చేతుల్లో కాకపోయినా ఇంకెవరి చేతుల్లోనైనా అది మోగాలని ఆయనకు నిజంగానే ఉంది. అందుకే వచ్చినవాళ్లని వచ్చినట్టే తిప్పి పంపాడు. ఒకడి గోళ్లు బాగాలేవన్నాడు, ఇంకొకడి తొందర నచ్చలేదన్నాడు. పిల్లనిచ్చేవాడు కూడా అన్ని ఆరాలు తీయడు.

చివరికి ఒక మధ్యాహ్నం సంగీతం టీచరమ్మ వచ్చింది. ముప్పై ఏళ్లుగా ఫిడేలు నేర్పుతున్న మనిషి, వాయించే కమాను తనే తెచ్చుకుంది. మేస్త్రి ఫిడేలు పెట్టె మూత తీశాడు. ఫిడేలు ధగధగా మెరిసింది. టీచరమ్మ మొహం దాంట్లో అద్దంలో కనబడినట్టు కనబడింది. ఆ మొహంలో మాత్రం ఏ మెరుపూ లేదు.

తీగలు శ్రుతి చేసుకుని కమాను లాగింది. మూసిన బీరువాలోంచి ఎవరో మూలిగినట్టు వినబడింది. ఇంకోసారి లాగింది. అదే మూలుగు.

"ఈ పాలిష్ ఎవరు వేశారండీ?"

"నేనేనమ్మా. ఏటా ఒక పూత, ఒక్క ఏడాది తప్పలేదు" అన్నాడు మేస్త్రి, మెప్పు కోసం చెవులు రిక్కించి.

టీచరమ్మ ఫిడేలు వీపు మీద వేలితో తట్టి చూసింది. "ఫిడేలు చెక్క పల్చగా ఉండి అదరాలి మేస్త్రిగారూ. అదిరితేనే మోగుతుంది. మీరు దీనిమీద యాభై దుప్పట్లు కప్పారు."

"అంతేనా? వారం రోజులివ్వండి, పూతలన్నీ గీకేస్తాను. నాకంటే బాగా గీకేవాడు లేడు."

"వద్దండీ. ఉప్పు కాగితంతో చెక్క ఇప్పటికే అరిగిపోయింది. ఇంకా గీకితే చిల్లు పడుతుంది." ఫిడేలును నెమ్మదిగా పెట్టెలో పెట్టింది. "చాలా గొప్ప పనివాడి చేతిదండీ ఇది. అసలు ముట్టుకోకుండా ఏ అటక మీదో పారేసి ఉంటే, నా దగ్గరున్న రెండు ఫిడేళ్లూ అమ్మేసి దీన్ని కొనుక్కునేదాన్ని."

మేస్త్రి కోపం తెచ్చుకుందామని చూశాడు గానీ, ఎవరి మీదని తెచ్చుకుంటాడు?

ఆవిడ కళ్లు పెట్టె మూలన పడి ఉన్న పాత కమాను మీద పడ్డాయి. దుమ్ము కొట్టుకుపోయి, వెంట్రుకలు సగం ఊడిపోయి ఉంది. కర్రపుల్లకు మెరుగేమిటని మేస్త్రి ఏనాడూ దాని జోలికి పోలేదు. ఆవిడ దాన్ని తీసి, కంటికి ఆనించి వంపు చూసి, వేలి మీద బరువు తూచి, "ఇది ఇస్తారా? వెంట్రుకలు మార్పిస్తే చాలు, ప్రాణంతో ఉంది. రేపటి నుంచే వాయిస్తాను" అంది. మేస్త్రి తల ఊపాడు. ధర కూడా ఆవిడే చెప్పి, చేతిలో పెట్టి వెళ్లిపోయింది.

ఇల్లాలు వంటింటి గుమ్మంలోంచి అంతా విన్నది. యాభై ఏళ్ల బాకీ ఒక్కసారిగా తీర్చుకోవడానికి ఇంతకంటే మంచి సమయం దొరకదు. దెప్పడానికి మాటలు సిద్ధం చేసుకునే వచ్చింది కూడా. తీరా ఆయన్ని చూశాక ఒక్కటీ నోటికి రాలేదు.

"పోనీండి. మీ మామయ్య ఇచ్చినప్పుడు ఎలా మోగేదేమిటి అది?" అని పక్కన కూర్చుంది.

మేస్త్రి ఆ మొదటి రోజు గుర్తు చేసుకున్నాడు. మామయ్య చొక్కా రంగు గుర్తొచ్చింది. ఫిడేలు నడుము మీద గీతలు గుర్తొచ్చాయి. ఎంత బరువుండేదో, ఏ వాసన వేసేదో కూడా గుర్తొచ్చింది. కళ్లు మూసుకుని చెవులు రిక్కించాడు.

"గుర్తు లేదే" అన్నాడు.