నాలుగు పేజీల కొండగాలి

ఆ రోజుల్లో నాకు తెలియనిదంటూ ఏదైనా ఉంటే, నాకేమీ తెలియదనే సంగతి ఒక్కటే. డిగ్రీ చేతికొచ్చి ఆరు నెలలు కాకముందే ప్రొద్దుటూరులో గాలిలోని దుమ్మును కొలిచే కాంట్రాక్టు ఉద్యోగం దొరికింది. "మీవాడు ఏం పని చేస్తాండాడప్పా?" అని ఎవరైనా అడిగితే మా పెదనాయన, "గాలికి తిరుగుతాండాడు. ఇంతకుముందు ఊరికే తిరుగుతాండె, ఇప్పుడు జీతానికి తిరుగుతాండాడు" అనేవాడు. (అబద్ధం కాదు గనక నేనూ ఖండించలేదు.)

మావి రెండు యంత్రాలు. ఒకటి ఊరి నడిబొడ్డున బట్టల అంగడి మిద్దె మీద, రెండోది జమ్మలమడుగు దాటాక కొండ అడవిలో, వాచర్ కాపురముండే గది పక్కన. ఊరి గాలి ఎంత చెడిందో తెలియాలంటే చెడని గాలిని పక్కన పెట్టి చూడాలి గదా! వారానికొక రోజు తెల్ల కాగితం పెట్టి నడిపిస్తే, యంత్రం పగలూ రాత్రీ గాలి పీల్చి దుమ్మంతా కాగితానికి పట్టిస్తుంది. మర్నాడు దాన్ని తీసి తూకం వేయాలి. అంతసేపు కొండ మీద కూర్చునే ఓపిక నాకెక్కడిది? వాచర్‌ను మామా అనీ ఆయన భార్యను అత్తా అనీ వరుస కలిపేసి, "అత్తా, ఇది గూడా మన మాదిరే గాలి పీలుస్తాది. చంటిబిడ్డని చూసుకున్నెట్టు చూసుకో" అని అప్పజెప్పి, బండెక్కి మ్యాట్నీకి పోయేవాణ్ణి.

రెండు నెలలు కొండ కాగితం మల్లెపువ్వులా వచ్చింది. తర్వాత ఒక వారం టీ డికాషన్ రంగులో వచ్చింది. పై వారం రంగు ఇంకా ముదిరింది. కడపలో మా పెద్దసారు రెండు చోట్ల కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని, "ఏమప్పా, అడవి కంటే బజారే నయమంటాంది నీ లెక్క! కాగితాన్ని యాడన్నా లారీ పొగగొట్టానికి కట్టినావా?" అన్నారు. నెలాఖరుకు నా కాంట్రాక్టు పొడిగించాలో వద్దో తేల్చేది ఆయనే. భయం వేసింది. భయం వేసినప్పుడు చదువుకున్నవాడు చేసే పనే చేశాను. నాలుగు పేజీల సిద్ధాంతం రాశాను. ఇటుక బట్టీల పొగ, మైదుకూరు వైపు మళ్లలో గడ్డి కాల్చే పొగ గాలివాటున వచ్చి మా కొండకు తగిలి ఎట్లా ఆగిపోతున్నాయో బాణం గుర్తులు వేసి మరీ చూపించాను. సారు ఓపిగ్గా చదివారు. "బాణాలు శానా బాగుండాయి. ఈసారి మిషన్ నడిచే రోజు నేనే వస్తా. నువ్వు రాసింది నిజమైతే దీన్ని పైకి పంపిస్తా, కాకుంటే నిన్ను ఇంటికి పంపిస్తా" అన్నారు.

ఎప్పటిలాగే నేను కాగితం పెట్టి వచ్చిన మర్నాడు, సారూ నేనూ చెప్పాపెట్టకుండా పొద్దున్నే వెళ్ళాం. యంత్రం మీద వెదురుగంప బోర్లించి ఉంది. గంప మీద పాత దుప్పటి. కింద పెంకులో నిప్పులు, వాటి మీద సాంబ్రాణి. అత్త కొంగుతో విసురుతోంది.

"అత్తా! ఏంది ఈ పని?"

"ఏం చేద్దు నాయనా? మూడు వారాల్నుంచి దీనికి గొంతు గురగురమంటాంది. ఈ కొండ చలికి జలుబు చేసింటాది. నువ్వే గదా చంటిబిడ్డ మాదిరి చూసుకోమంటివి? ఓమాకు రసం తాపుదామంటే నోరు యాడుందో తెలకపాయె."

"నేను వద్దంటి సారూ! కరెంటు మిషన్‌కి పొగేందే అంటే, నీకు బిడ్డల సంగతి ఏం తెల్సు పో అంటాది" అన్నాడు మామ, సారు వంక బెదురుగా చూస్తూ. ఆయనదీ దినకూలి ఉద్యోగమే.

సారు యంత్రం ఆపి, మోటారు విప్పి, లోపల అరిగిపోయిన ముక్కలు రెండు తీసి నా అరచేతిలో పెట్టారు. "ఆయమ్మ చెప్పింది నిజమే, దీనికి బాగలేదు. మూడు వారాలు నువ్వెందుకు వినలే?" మామను చూస్తూ, "ఈ పొగ ఎవరు ఎయ్యమన్నారు?" అన్నారు.

"నేనే సార్. ఆమె తప్పేం లేదు" అన్నాను. (ఇందులో గొప్పేమీ లేదు. అత్త అప్పటికే చెప్పేసింది.)

సారు చివరికి నా కాంట్రాక్టు మూడు నెలలు పొడిగించారు, యంత్రం నడిచినంతసేపూ నేను దాని పక్కనే కూర్చోవాలనే షరతు మీద. అత్త చేతి రాగిసంగటి తింటూ కూర్చున్నాను. కాగితం మళ్ళీ తెల్లబడింది, నేను కొంచెం నల్లబడ్డాను.

ఇప్పుడు యంత్రాలు అంకెలను నేరుగా ఫోనుకే పంపిస్తున్నాయి. మనిషి కొండెక్కే పనే లేదు. ఈమధ్య బీరువా సర్దుతుంటే ఆ నాలుగు పేజీలు దొరికాయి. గాలి దిక్కులున్నాయి, దూరాలున్నాయి, బాణాలున్నాయి. యంత్రం పక్కన మనిషి ఉందన్న మాట మాత్రం ఎక్కడా లేదు. అడుగున నా సంతకం, పొడుగ్గా, కింద రెండు గీతలతో. అంత ధీమాగా ఆ తర్వాత ఎక్కడా సంతకం పెట్టలేకపోయాను.