క్రేన్ మామ గొట్టంలో నా పగ

క్రేన్ మామ పోయాడన్న కబురు నాకు సౌదీ దక్షిణ కొసన ఖమీస్ ముషైత్‌లో తెలిసింది. నేను నడిపే ట్రెయిలర్ మీది పైపులు దించుతున్నారు, నేను నీడలో కూర్చుని పాలు లేని సులేమానీ చాయ్ తాగుతున్నాను. మేముండే దమ్మామ్ క్యాంపు నుంచి మామ రూమ్మేటు ఫోన్ చేశాడు. "పొద్దున డ్యూటీకి లేపితే లేవలేదన్నా. నిద్దర్లోనే అయిపోయింది," అన్నాడు. అలాంటప్పుడు మనిషి నోట్లోంచి ఏ మాట రావాలో నాకూ తెలుసు. వచ్చింది మాత్రం వేరే.

"తప్పించుకున్నాడ్రా!" అన్నాను.

అవతల వాడికి అర్థం కాలేదు. మీకూ కాదు. అందుకే రాస్తున్నాను. ఏడో తరగతిలోనే బడికి దణ్ణం పెట్టినవాణ్ణి, తప్పులుంటే సర్దుకోండి. మామ మీద నాకు పగ ఉంది. ఏళ్ల తరబడి పెంచి పెద్దచేసిన పగ. అది తీరే సమయానికి మనిషే లేకుండా పోయాడు.

మామ అంటే చుట్టం కాదు. ఆయనది ప్రొద్దుటూరు పక్క, ముస్లిం కుటుంబం. మాది అమలాపురం దగ్గర. క్యాంపులో తెలుగు మాట్లాడే పెద్దాయన ఎవరైనా మాకు మామే. పోర్టు యార్డులో పెద్ద క్రేన్ నడిపేవాడు కాబట్టి క్రేన్ మామ. దేన్నీ ఊరికే నమ్మేవాడు కాదు. క్రేన్ ఎక్కే ముందు కొక్కెం పట్టి లాగేవాడు, గొలుసు తట్టేవాడు, చుట్టూ తిరిగొచ్చి మళ్లీ మొదటి నుంచి చూసేవాడు. చెప్పులు కూడా దులపకుండా తొడిగేవాడు కాదు. ఫ్లాస్కు తెరిస్తే మొదటి కప్పు పక్కవాడికే. పక్కన ఎవరూ లేకపోతే ఎవరో ఒకరు వచ్చేదాకా ఆగేవాడు. ఈ అలవాట్లు గుర్తుపెట్టుకోండి. నా పగకి అడ్డుపడ్డవి ఇవే.

శుక్రవారం పొద్దున్నే హాఫ్ మూన్ బే ఒడ్డున కొందరు చేరతారు. ఫ్లై ఫిషింగ్ చేసేవాళ్లు. ఈకలూ దారాలూ చుట్టి చేసిన ఉత్తుత్తి పురుగే వాళ్ల ఎర. అందులో స్పే కాస్టింగ్ అని ఒక పద్ధతి ఉంది. రెండు నిలువుల పొడుగున్న గాలం కర్రని రెండు చేతులా పట్టుకుని, లైనుని పక్కన నీళ్ల మీద ఒకసారి వాల్చి, వెంటనే ముందుకి పంపాలి. చూడ్డానికి సుళువు. ఎప్పుడో ఒక స్కాట్లాండ్ ఇంజనీరు ఫైనల్ ఎగ్జిట్ మీద, అంటే సౌదీ వదిలి శాశ్వతంగా వెళ్లిపోతూ తన కర్రని, దాన్ని దాచుకునే అల్యూమినియం గొట్టంతో సహా మామ చేతిలో పెట్టాడట. అప్పట్నుంచి శుక్రవారం అంటే మామకి జుమ్మా నమాజు, దానికి ముందు ఈ కర్ర.

ఇక నా సంగతి. క్యాంపులో నేను ఎదురైతే అందరూ ముందు జేబులు తడుముకుంటారు. దొంగనని కాదు, జేబులో ఏం పెట్టానో అని. మెస్సులో చెయ్యెత్తి నిలబడితేనే రెండో రొట్టె వేస్తారని కొత్తవాళ్లకి చెప్పింది నేనే. మామ హెల్మెట్‌లో కోడిగుడ్డు పెట్టిందీ నేనే. ఆయన హెల్మెట్ దులిపాడు, గుడ్డు నేలమీద పగిలింది. నా వైపు చూశాడు. ఏమీ అనలేదు. ఆ ఏమీ అనకపోవడాన్ని నేను అప్పుడే పట్టించుకోవాల్సింది.

కొన్నాళ్ల తర్వాత ఒక గురువారం సాయంత్రం మామ మా గది గుమ్మంలోకి వచ్చాడు.

"ఒరేయ్, రేపు నాతో హాఫ్ మూన్‌కి రా. కొత్తోళ్లకి కర్ర ఇసిరేది నేర్పిచ్చే దినం."

"చేపలు పడతాయా మావా?"

"సముద్రంలో చేపలు గాక యాముంటాయిరా? బక్కెట తెచ్చుకో."

చూడండి, ఒక్క అబద్ధం కూడా ఆడలేదు. నాకు ఇప్పటికీ మంట అదే.

రేపు రాత్రికి చేపల పులుసని గదిలో ప్రకటించాను. చింతపండు నానబెట్టారు. పక్క గదివాళ్లు కూడా కంచాలు తెచ్చుకుంటామన్నారు. నేను బక్కెట్టు, దాన్నిండా ఐసు పట్టుకుని బయల్దేరాను.

ఒడ్డున టోపీల ఇంజనీర్లున్నారు, ఫిలిపినో వెల్డర్లున్నారు, ఒక సౌదీ బడిపంతులు ఉన్నాడు. మామ నాకు వీపు పెట్టి నిలబడి, నా లైను కొసన ఏదో ముడేసి, కర్ర చేతికిచ్చాడు. తొడలదాకా నీళ్లలోకి దిగాను. బలంకొద్దీ విసిరాను. లైను వచ్చి నా మెడకే చుట్టుకుంది.

"ఏమ్రా, ఈగల్ని తోల్తాండావా?"

"గట్టిగా కొట్టద్దా అండి మరి?"

"గట్టిగా యాలకు? బరువు ఊగుతాంటే క్రేన్ తిప్పుతామా? నిలబడనియ్యి. లైను నీళ్లు తాకిందా? ఆ, ఇప్పుడు. కింది చెయ్యి లాగాల, పై చెయ్యి దోవ చూపియ్యాల. అంతే."

అంతే అన్నాడు గానీ ఎండెక్కేదాకా అవలేదు. నేను విసిరినప్పుడల్లా బడిపంతులు "శ్వయ్య, శ్వయ్య" అంటున్నాడు, మెల్లగా మెల్లగా అని. ఒక ఫిలిపినో వెల్డరు నా బక్కెట్టులోకి తొంగిచూసి, "ఇది చాలదేమో బ్రదర్," అన్నాడు. "కారులో ఇంకోటుంది," అన్నాను. వాడు మొహం పక్కకి తిప్పుకున్నాడు. ఎండకి అనుకున్నాను.

అప్పుడొకసారి, ఎలాగో తెలీదు, లైను నా పక్కన నీళ్ల మీద చిటుక్కున వాలింది. నా వెనక గాలిలో పొట్టలా ఉబ్బింది. కింది చెయ్యి లాగాను. అది విప్పుకుంటూ, ఇంకా విప్పుకుంటూ పోయి ఎక్కడో దూరాన చప్పుడు లేకుండా పడింది. నా చేతుల్లోంచి అంత దూరం ఏదైనా తిన్నగా వెళ్లడం నా జన్మలో అదే మొదలు. వెనక్కి తిరిగి చూశాను. మామ మెచ్చుకోలేదు. తలమీది టోపీ తీసి, మళ్లీ పెట్టుకున్నాడు.

ఎర చేప తినేసిందేమో చూద్దామని లైను దగ్గరికి లాక్కున్నాను. కొసన నారింజ రంగు ఉన్ని ముక్క. అంతే. పొద్దుట్నుంచీ నేను సముద్రం మీదికి విసిరింది ఉన్ని.

"మావా! గాలం ఏదండీ?"

"గాలమా? యాలకు?"

"చేప ఎలా పడుద్దండి మరి?"

"చేపలు పట్టే దినమని నేనెప్పుడన్నా రా? ఇసిరేది నేర్చుకునే దినమన్నా. కొత్తోని చేతికి గాలమిస్తే మా చెవులు తెగుతాయి."

"మరి బక్కెట్టెందుకు తెమ్మన్నారు?"

మామ ఐసు ఒడ్డున పారబోసి, బక్కెట్టు బోర్లించి, దాని మీద కూర్చున్నాడు. "కూర్చోనీకి," అన్నాడు. బడిపంతులు నవ్వాపుకోలేక నీళ్లలో కూలబడ్డాడు. ఒడ్డంతా నవ్వు. అందరికీ ముందే తెలుసు. మామ నింపాదిగా ఫ్లాస్కు తెరిచి మొదటి కప్పు నాకే ఇచ్చాడు.

తిరిగొచ్చేటప్పుడు కారులో అన్నాడు, "గాలం ఉండింటే నువ్వు చేప కోసం చూసేటోనివి. చెయ్యి ఎట్ల తిరుగుతాందో చూసేటోనివి కాదు." నిజమే గానీ, చెవులు మండుతున్నవాడికి ఎక్కుతుందా? ఆ రాత్రి నానబెట్టిన చింతపండుతో చారు కాచుకున్నాం. పక్క గదివాళ్లు కంచాలతో వచ్చారు. మర్నాటికి నా పేరు ఉన్నిగాడు. మెస్సులో వడ్డించే బంగ్లాదేశీ కూడా "ఉన్నీ భాయ్" అన్నాడు. క్యాంపంతటినీ ఆటపట్టించిన నన్ను ఒక ఊలు ముక్కతో పడేశాడు. నిన్ను వదలను మావా అని ఆ రోజే అనుకున్నాను.

ఆ తర్వాత డ్యూటీ లేని శుక్రవారమల్లా ఆయన వెంట వెళ్లాను. నేర్చుకోవడానికి కాదు, దెబ్బ కొట్టడానికి. ఈలోగా నేర్చేసుకున్నాను, అది వేరే సంగతి.

ఆయన నీళ్ల బూటులో పీతని వేశాను. దులిపాడు. పీత వచ్చి నా కాలి మీద పడింది. ఫ్లాస్కులో పంచదార బదులు ఉప్పు కలిపాను. మొదటి కప్పు ఎవరికి వస్తుందో మర్చిపోయాను, అది నాకే వచ్చింది. ఒడ్డంతా నా వంకే చూస్తోంది.

"బాగుందా?"

"బాగుందండి."

"ఇంగో కప్పు?"

అదీ తాగాను. ఆయన మాత్రం ఆ రోజు చాయ్ ముట్టలేదు, కడుపు బాలేదన్నాడు. మిగిలినదంతా నా దగ్గరే పెట్టి, "నీకు ఇష్టం గదా," అన్నాడు.

ఆయనకి ఒక్కటే భయం. పాములు. యార్డులో హోసు పైపు చుట్టి పడేస్తే దాని పక్కనుంచి నడిచేవాడు కాదు, చుట్టు తిరిగి వెళ్లేవాడు. బొమ్మల కొట్లో రబ్బరు పామొకటి కొన్నాను, పొలుసులతో సహా నిజమైనదానిలాగే ఉంది. ఆయన స్నానానికి వెళ్లినప్పుడు గొట్టం మూత విప్పి, విడదీసి పెట్టిన కర్ర ముక్కల మీద దాన్ని చుట్టగా కుక్కి, మూత బిగించాను. మూత తీయగానే పాము పైకి లేస్తుంది. ఆ మూత ఆయన శుక్రవారం ఒడ్డునే తీస్తాడు, అందరి ముందూ.

ఆ శుక్రవారం ఇసుక తుపాను వచ్చింది. ఎవరూ వెళ్లలేదు. మర్నాడే నాకు ఖమీస్‌కి లోడు పడింది. వచ్చే శుక్రవారం చూసుకుందాంలే మావా అని నవ్వుకుంటూ బండెక్కాను. అక్కడ ఉండగానే ఫోన్ వచ్చింది.

నేను దమ్మామ్ చేరేసరికి కాగితాల పని పూర్తయింది. సాయంత్రం అసర్ నమాజు అయ్యాక ఖననం చేశారు. ముస్లిం కానివాళ్లని లోపలికి రానివ్వరు కాబట్టి నేను శ్మశానం గోడ బయట నిలబడ్డాను. లోపల మట్టి వేసినవాళ్లు వచ్చి చేతులు కడుక్కుంటుంటే నీళ్లు పోశాను. అప్పుడు గుర్తొచ్చింది.

"ఒరేయ్, మావ గొట్టం ఏది?" అని రూమ్మేటుని అడిగాను.

"సామానంతా నిన్న సెలవు మీద వెళ్లేవాడితో పంపించేశామన్నా. ఈపాటికి ఇంట్లో ఇచ్చేసుంటాడు."

భర్త పోయిన మనిషి, ఆయన వస్తువులు ఒక్కొక్కటే తీసి చూసుకుంటుంది. గొట్టం మూత తీస్తుంది. నేను మామ కోసం పెట్టిన పాము ఆవిడ ఒళ్లోకి లేస్తుంది. ఈ పని చేసింది ఎవడో తెలిస్తే ఆ ఇంట్లో నా పేరు ఏమవుతుంది? అది సరే, ఆవిడ గుండె ఏమవుతుంది? గోడ పక్కనే నిలబడి ఫోన్ చేశాను. ఆవిడని నేనెప్పుడూ చూడలేదు. పండక్కి ఫోన్లో పలకరించడమే.

"అత్తమ్మా, నేనండి. అమలాపురం..."

"ఉన్నివా?" అంది.

ఆ పేరు ప్రొద్దుటూరు దాకా పోయిందన్నమాట. "ఆ పొడుగు గొట్టం వచ్చిందాండి? దాన్ని మాత్రం తెరవద్దండి," అన్నాను.

"తెరిసినాం నాయనా."

నేను కళ్లు మూసుకున్నాను.

"పాముండాదని మాకు ముందే తెలుసులే. ఆయప్ప చెప్పినాడు. దుమ్ము లేసిన దినం రూములో ఒక్కడే కూర్చోని, కర్రకు నూనె పూద్దామని మూత తీసినాడంట. పాము లేసిందంట. మంచమెక్కి అరిసినాడంట. అందరూ మెస్సుకు పోయినారు గాబట్టి సరిపాయె. నాకు ఫోన్ చేసి ఒకటే నవ్వు. నవ్వి నవ్వి దగ్గు పట్టుకునె. వానికి మాత్రం చెప్పొద్దు, గెలిసినానంటాడు అన్నాడు. నేనేమో ఇప్పుడు చెప్పేస్తి."

మంచమెక్కి అరిచాడు! ఇన్నేళ్లకి పగ తీరింది. శ్మశానం గోడకి ఆనుకుని నవ్వాను. ఆ నవ్వు మధ్యలో ఎక్కడో వేరేగా మారిపోయింది, ఆపడానికి చాలాసేపు పట్టింది. ఆవిడ అవతల ఓపిగ్గా ఉంది.

"ఒకటి మాత్రం మాకు తెలీలే నాయనా. చూడు," అని కూతురికి ఫోన్ ఇచ్చి కెమెరా పెట్టించింది. ఆవిడ ముఖం కనబడలేదు. రెండు చేతులు, వాటి మధ్య నా పాము. దాని నోట్లో, పడిపోకుండా గట్టిగా ముడేసిన నారింజ రంగు ఉన్ని ముక్క. ఫ్యాను గాలికి ఊగుతోంది.

"ఇదెందుకు కట్టినాడు?"

బతికుంటే శుక్రవారం ఒడ్డున అందరి ముందూ మూత తీసేవాడు. అరవకుండా, బెదరకుండా, పాము మెడ పట్టుకుని నా చేతిలో పెట్టేవాడు. ఒడ్డంతా మళ్లీ నవ్వేది. "నా కోసమండి," అన్నాను. "దాన్ని తీయకండి. అలాగే లోపల పెట్టి మూత బిగించండి. సెలవుకి వచ్చినప్పుడు నేనే తెరుస్తాను."

ఆ చేతులు పాముని మెల్లగా చుట్టి, గొట్టంలోకి దించి, మూత తిప్పాయి. ఒకసారి లాగి చూశాయి. మళ్లీ తిప్పాయి. మూత అంచులో చిక్కుకుని, నారింజ రంగు ఉన్ని కొస ఒకటి బయటే ఉండిపోయింది.