బాబాయి లేచాడో లేదో టీవీ చూపించలేదు

మా చిన్నప్పుడు... ఆ ఆదివారం సాయంత్రం మిరప కల్లం నుంచి ఎవరూ తిన్నగా ఇళ్లకు వెళ్లలేదు. కాళ్లు కడుక్కుని మా వాకిట్లోకే వచ్చారు. ఆడవాళ్లు అరుగు మీద, మగవాళ్లు గోడవార, పిల్లలం టీవీకి ఎదురుగా నేల మీద...

ఆ రోజు మా బాబాయి టీవీలో కనబడతాడు.

బాబాయి అంటే నాన్నకు ఆఖరి తమ్ముడు. చీమకుర్తి గ్రానైటు రాళ్ల లారీ ఎక్కి మద్రాసు హార్బరుకు పనికి వెళ్లి, అక్కడ బాక్సింగు నేర్చుకున్నాడు. పతకాలకు ఆడే బాక్సింగు కాదు... టికెట్టు పెట్టి, జనాన్ని పిలిచి ఆడించేది. ఆ పోటీలను కొత్తగా వచ్చిన ఒక ఛానెల్ చూపిస్తోంది. "ఈ ఆదివారం నేను కూడా ఉంటా, అమ్మను చూడమనండి" అని లారీ డ్రైవరుతో కబురు పంపాడు.

నాయనమ్మ అతన్ని చూసి అప్పటికి చాలా కాలమైంది.

"ఎవరితోనే వీడికి కొట్లాట?" అని నన్నడిగింది. ఇంట్లో పిల్లలందరికీ నేనే పెద్దదాన్ని. ఏది అడగాలన్నా నన్నే అడిగేది.

"కొట్లాట కాదు నాయనమ్మా, ఆట."

"ఆటయితే దెబ్బలెందుకు తగులుతయ్యే?"

నేను లేచి టీవీ సౌండు పెంచాను.

ఆట మొదలైంది. ఎర్ర లాగు వేసుకున్న పేరుమోసిన బాక్సరు ఒకడు వచ్చాడు. జనం ఈలలు, కేకలు... ఎదుటివాడిని మొదట్లోనే పడగొట్టేశాడు. వాళ్లది అయిపోయింది, ఇక బాబాయి ఆటే అనుకున్నాం. అదే దెబ్బను మళ్లీ చూపించారు. పక్కనుంచి చూపించారు. నెమ్మదిగా చూపించారు. మధ్యమధ్యలో సబ్బు ప్రకటన.

"ఏం అత్తా, ఆ సబ్బు కొంటే గానీ మీవోడు బయటికి రాడా ఏంటి?" అంది ఎదురింటి కోటేశ్వరమ్మ. అందరూ నవ్వారు. నాయనమ్మ కూడా నవ్వింది.

కాసేపటికి నవ్వులు ఆగిపోయాయి. ఎర్ర లాగు వాడే ఇంకా కనబడుతున్నాడు.

"ఏరా సాంబయ్యా, మా చిన్నోడిని ఎప్పుడేస్తావురా?" అని అడిగింది నాయనమ్మ. సాంబయ్య మా ఊళ్లో కేబుల్ నడిపేవాడు.

"నేనేసేది కాదు మామ్మా. అంతా మద్రాసు వాళ్ల చేతుల్లో ఉంటది. ఎవరిని చూపిస్తే జనం ఎక్కువ చూస్తారో లెక్క కడతారంట. పట్నంలో కొన్ని ఇళ్లల్లో టీవీకి మిషను పెట్టారంట దానికి."

"మరి మనింటికి పెట్టలేదేం?"

"మన ఊళ్లకి పెట్టరు మామ్మా."

"పెట్టకపోతే? ఇంతమందిమి చూట్టంలా?"

సాంబయ్య తల వంచుకున్నాడు. నాయనమ్మకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. చటుక్కున తుడుచుకుంది... చేతులతోనే.

పొద్దుటి నుంచి కల్లంలో తాలు మిరపకాయలు ఏరిన చేతులు అవి. ఎంత కడిగినా ఆ ఘాటు పోదు. "కళ్లు ముట్టుకోకండే" అని రోజూ మమ్మల్ని కేకలేసేది ఆమే. "అమ్మా... మంటే..." అంటూ రెండు కళ్లూ గట్టిగా మూసుకుంది. అమ్మ చెంబుతో చల్లనీళ్లు తెచ్చేలోపు...

"బాబాయి!" అని అరిచాం అందరం.

బాబాయే. నేల మీద. ఒక మోకాలు ఆన్చి, ఒక చెయ్యి ఆన్చి, తల వేలాడేసుకుని ఉన్నాడు. రిఫరీ అతని ముఖం ముందు ఒక్కొక్క వేలే తెరుస్తూ లెక్కపెడుతున్నాడు. నాలుగో వేలు తెరిచాడో లేదో... సబ్బు ప్రకటన వచ్చింది.

"ఏడే? ఏం చేస్తన్నాడే?" నాయనమ్మ కళ్లు తెరవలేక గాలిలో చేతులు చాపి నన్ను వెతుక్కుంటోంది.

"పడ్డాడు నాయనమ్మా."

"లేచాడా?"

అందరం సబ్బు ప్రకటన వంకే చూస్తున్నాం.

"అడుగుతుంటే చెప్పరేం? లేచాడా లేదా?"

"చూపించలేదు నాయనమ్మా..."

సాంబయ్య లేచి వైరు కదిపి చూశాడు. టీవీ నెత్తిన ఒకటి కొట్టాడు. వైరు బాగానే ఉంది, టీవీ బాగానే ఉంది. ప్రకటన అయ్యాక మళ్లీ ఎర్ర లాగు వాడే వచ్చాడు. ఆ తర్వాత వేరే కార్యక్రమం మొదలైంది.

మా ఊళ్లో అప్పటికి ఫోను లేదు. మద్రాసులో ఎవరిని అడగాలో నాన్నకు తెలియదు. వచ్చినవాళ్లు ఒక్కొక్కరే లేచి, నాయనమ్మ భుజం తట్టి వెళ్లిపోయారు. ఆమె పెదకాకాని శివుడికి మొక్కుకుని ముడుపు కట్టింది. నేను పక్కన కూర్చున్నాను. అంతకన్నా చేయగలిగింది నాకేమీ కనబడలేదు.

లారీ డ్రైవరు మళ్లీ మా వైపు వచ్చేదాకా అన్నం ముందు కూర్చునేవాళ్లం... అంతే.

డ్రైవరు లారీ దిగుతూనే, "గెలిచాడమ్మా మీవోడు!" అన్నాడు.

"లేచాడా?" అంది నాయనమ్మ.

"లేవకుండా ఎట్టా గెలుస్తాడమ్మా?"

"లేచాడుగా?" అని మళ్లీ అడిగింది. గెలుపు సంగతి ఆమె చెవికెక్కనే లేదు.

తర్వాత బాబాయి ఎక్కువ కాలం ఆడలేదు. దెబ్బలకు భయపడి కాదు. "నీ పేరు వేస్తే టికెట్లు తెగట్లేదు, టీవీ వాళ్లూ వద్దంటున్నారు" అని చెప్పి పిలవడం మానేశారట. తిరిగొచ్చి చీమకుర్తిలో రాళ్లు కోసే పనిలో చేరాడు. నాయనమ్మ అతని ఆట ఒక్కటి కూడా చూడకుండానే వెళ్లిపోయింది. ఇప్పుడు బాబాయి కూడా లేడు.

మొన్న మా చెల్లెలి కొడుకు ఫోన్లో వెతికి, ఎర్ర లాగు వాడి ఆ ఆట దొరికిందని చూపించాడు. దాని కింద ఎంతమంది చూశారో కూడా ఉంది. బాబాయిది ఎంత వెతికినా దొరకలేదు. ఆ రోజు కెమెరా అక్కడే ఉంది కదా... తీసే ఉంటారు. అక్కర్లేదని చెరిపేసి ఉంటారు.

రోజూ దీపం పెట్టేటప్పుడు అనుకుంటాను... బాబాయి లేవడం ఆ భగవంతుడైనా చూసే ఉంటాడని.

ఇప్పుడు మనం ఏం చూసినా, ఎంతసేపు చూసినా ఎవరో ఒకరు లెక్క రాసుకుంటున్నారు. ఆ రోజు మా వాకిట్లో ఊపిరి బిగబట్టి కూర్చున్న వాళ్లు మాత్రం ఏ లెక్కలోకీ రాలేదు...

మీ ఇంట్లో కూడా ఎవరైనా టీవీలో వస్తారని ఇలా వీధంతా కలిసి ఎదురుచూశారా? వాళ్లు కనబడ్డారా?